ఎడమ మలుపులో గరగర

మల్లేశన్నా,

చక్రం బేరింగ్ పోయిందని తెలిసీ ఆ అంబాసిడర్‌ను నీచేత నడిపించి చంపినవాడు మన ప్రొడక్షన్ మేనేజర్ శేషగిరి. తాగి నడిపావని ప్రచారం చేసినవాడూ వాడే. మలుపుల్లో గరగరమంటోందని నువ్వు చెప్తే, "శబ్దమే కదవయ్యా, డబ్బింగులో తీసేద్దాంలే!" అన్నాడు. సిగ్గులేక మన డ్రైవర్లూ నవ్వారు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సొట్టలు తీసి, రంగు కొట్టి, అదే బండిని కొత్త డ్రైవర్ యాదగిరికి అంటగట్టారు. మధ్యాహ్నం అతని పక్కన కూర్చుని ఫిల్మ్ నగర్ వాలు దిగాను. తిన్నగా పోతే చప్పుడు లేదు. కుడికి తిప్పినా లేదు. ఎడమకు తిప్పగానే గరగర.

"బరువంతా కుడి చక్రం మీద పడ్తుందన్నా, గందుకే," అన్నాడు యాదగిరి. జాకీ ఎత్తి ఆ చక్రాన్ని పట్టుకుని ఊపితే కదిలే పన్నులా ఊగింది.

"రంగేసిండ్రు గనీ బేరింగ్ మార్చలే. నా పిల్లలు ఆగమైతరన్నా!"

శేషగిరికి చెప్పాం. "భయమైతే తాళాలు అక్కడ పెట్టి పో. కృష్ణానగర్‌లో డ్రైవర్లకేం కరువా?" అన్నాడు.

శ్రామికుడి ప్రాణం బేరింగ్ కంటే చవకని వాడి లెక్క. యాదగిరిని ఆ బండి ఎక్కనివ్వం. రేపు పొద్దున అయిదింటికి, హీరో కోసం మొదటి కారు కదలకముందే, నీ పేరున గోడకు అంటిస్తున్న ఈ ఉత్తరం చదివిన డ్రైవర్లందరూ ఆఫీసు గేటు ముందుకు రావాలి.