మా పెద్దది పోలేదు

పాస్టరమ్మగారికి వందనాలు. తప్పు నాదే.

ప్రార్థన చీటీలో "మా పెద్దది పోయింది, ఇల్లెలా గడుస్తుందో" అని రాశాను. నా కుట్టుమిషన్లు రెండింటిలో పెద్దది పాడైందని నా గోడు. మీరంతా మా అత్తయ్య పోయిందనుకున్నారు. అత్తగారిని నేను అలా అంటానని మీరెలా నమ్మారో తర్వాత అడుగుతాను.

నిన్న పొద్దున్న పూలదండలతో, అన్నం క్యారేజీలతో ఇరవైమంది వస్తే తలుపు తీసింది అత్తయ్యే. "ఎవరు పోయారమ్మా?" అంది. అందరూ దండలు వెనక్కి దాచుకున్నారు. చివరికి పాటలు పాడే అక్క "మీరేనండీ" అంది.

నేను హడలిపోయాను. అత్తయ్య మాత్రం దండ అందుకుని, "నా గురించి ఏం చెబుదామని వచ్చారో అది చెప్పి వెళ్ళండి" అని అందరినీ కూర్చోబెట్టింది. వాళ్ళు చెబుతుంటే కళ్ళు తుడుచుకుంటూ, "కోడలా, వింటున్నావా?" అని మధ్యమధ్యలో నన్ను అడిగింది.

శవపెట్టె మొయ్యడానికొచ్చిన మెకానిక్ అన్నయ్య ఊరికే కూర్చోలేక మిషను విప్పి బాగుచేశాడు. ఎనిమిదిమంది బట్టలు కుట్టమని కొలతలిచ్చి వెళ్ళారు.

ఆదివారం చర్చిలో దేవుడు చేసిన ఈ మేలు గురించి నేను సాక్ష్యం చెబుదామనుకున్నాను. "చచ్చి లేచింది నేనా, నువ్వా?" అంటోంది అత్తయ్య. అందుకని పాస్టరుగారిని ఆ రోజు ప్రసంగం బాగా కుదించుకోమనండి.

ఇట్లు,
బతికున్న అత్తగారి కోడలు