అమ్మ జాడీలోని పది రూపాయల బిళ్ళలు

కట్టెకోల సంధ్యారాణి అనే నేను, వయసు ఇరవై ఎనిమిది, మట్టయ్య, అండాలమ్మల కూతురిని, చంపాపేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ చైతన్యపురిలోని ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నదానిని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నమూనా కాగితంలో "బుద్ధి, మనసు స్థిమితంగా ఉండగా" అని ఉంది. మనసు సంగతి నేను రాయలేను, అందుకే ఆ మాట తీసేశాను.

వచ్చే గురువారం నాకు గుండె ఆపరేషన్. పుట్టినప్పటి నుంచి ఉన్న చిన్న రంధ్రం ఇన్నేళ్ళకు బయటపడింది. భయపడాల్సిందేమీ లేదని డాక్టర్ అన్నారు. కానీ దవాఖానలో ఇచ్చిన నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితం నేను చదివాను. మా ఇంట్లో ఏ కాగితమైనా చదివేది నేనే. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, నాన్న ఆటో ఫైనాన్స్ నోటీసు, అన్నీ. మూడో పేజీలో ప్రాణాపాయం గురించి ఉంది. నాన్న "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగితే "మామూలే" అన్నాను. నాన్న నమ్మాడు. చదువుకున్న పిల్ల చెప్పిందంటే మా ఇంట్లో అదే ఆఖరి మాట. దాన్ని నేను ఎలా వాడుకున్నానో ఐదో నిబంధనలో రాస్తాను.

1. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు అని ఒక వాక్యం ఉండాలట. నేను ఏదీ రాయలేదు. ఆరో తరగతి నోటుబుక్కు చివరి పేజీలో "నేను చచ్చిపోతే నా జామెట్రీ బాక్స్ తమ్ముడు కృష్ణగానికి ఇయ్యొద్దు" అని రాశాను. అది లెక్కలోకి వస్తే రద్దు చేస్తున్నాను.

2. ఇందులో రాసినవన్నీ జరిపించే బాధ్యత నా స్నేహితురాలు అరుణది. ఎల్బీ నగర్ కోర్టు దగ్గర దస్తావేజులు రాసే షాపులో టైపు చేస్తుంది. పదో తరగతి దాకా ఒకే బెంచీ. నా స్కూటీ తనకు రాస్తానంటే వద్దంది. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు వీలునామాలో ఏమీ రాయకపోవడం మంచిదని, తర్వాత పేచీలు రావని చెప్పింది. కాబట్టి అరుణకు ఏమీ లేదు. ఆమెకు ఇవ్వాల్సింది కాగితం మీద పట్టేది కూడా కాదు.

3. నా జీతం ఖాతాలో దవాఖాన ఖర్చులు పోను మిగిలిన డబ్బులోంచి, ముందు ఆరో నిబంధనలోని మొత్తం తీసేయాలి. ఆ తర్వాత మిగిలేది నాన్న మట్టయ్యకు, ఆటో కిస్తీలు తీర్చుకోవడానికి. నాన్నా, చేతిలో నాలుగు పైసలు కనిపించగానే కొత్త ఆటో చూడకు. ఉన్నదానికి పైకప్పు మార్పించు, వానకు వెనక కూర్చున్నవాళ్ళు తడుస్తున్నారు.

నా పీఎఫ్ డబ్బు, స్కూటీ తమ్ముడు కృష్ణవి. చదువుకుంటేనే ఇవ్వాలని ఏ షరతూ లేదు. ఇంటర్ ఆపేసి కొత్తపేటలో ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. "అక్కను సదివించిండ్రు, నన్ను గాలికి వదిలిండ్రు" అని వాడు అన్నప్పుడల్లా నేను కోపం తెచ్చుకున్నాను. ఒకే ఏడాది ఇద్దరి ఫీజులు కట్టాల్సి వస్తే ఎవరి ఫీజు కట్టారో నాకు తెలుసు. వాడు అన్నది నిజమే.

మా మేనత్తకు నా పదో తరగతి మార్కుల మెమో జిరాక్సు ఫ్రేము కట్టించి ఇవ్వాలి. లెక్కల్లో తొంభై ఎనిమిది. "ఆడపిల్లకు గన్ని లెక్కలెందుకే, బియ్యంల రాళ్ళు లెక్కపెట్టనీకా?" అని నలుగురిలో అంది. ఇది తీసెయ్యమని అరుణ రెండుసార్లు చెప్పింది. తీయను.

4. మా ఇంట్లో చిల్లర పర్సులో ఉండదు, డబ్బాల్లో ఉంటుంది. అవి ఎవరికి చెందాలంటే:

ఫ్రిజ్ మీది హార్లిక్స్ సీసాలో రూపాయి బిళ్ళలున్నాయి. కృష్ణవి. ఎలాగూ వాడే తీస్తున్నాడు, ఇకమీద దాచుకుని తీయనక్కరలేదు.

పౌడర్ డబ్బాలోని రెండు రూపాయలవి నాన్న చాయ్ కోసం.

పాత కారం డబ్బాలోవి ఐదు రూపాయల బిళ్ళలు. గ్యాస్ బండ మోసుకుని మూడో అంతస్తు ఎక్కే అతనికి, ఇప్పటిదాకా ఇచ్చినట్టే బండకు నాలుగు. అవి ముట్టుకున్న చెయ్యి కళ్ళకు పెట్టుకోవద్దని అతనికి ప్రతిసారీ చెప్పాలి.

కుంకుమ బరిణెలో పదకొండు పావలాలున్నాయి. ఇవి నిజంగానే చెల్లవు. ప్రభుత్వం ఎప్పుడో ఆపేసింది. ఎవరూ తీసుకోకపోతే అలాగే ఉంచండి.

5. ఈ నిబంధనను ఎవరూ కుదించి చెప్పకూడదు.

మా అమ్మ అండాలమ్మ పంతొమ్మిదేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో గుడి పక్క సందు మొదట్లో గంపలో పూలు అమ్ముతోంది. కొనేవాళ్ళు పది రూపాయల బిళ్ళ ఇస్తారు గానీ, చిల్లరగా తిరిగి ఇస్తే తీసుకోరు. నోటే కావాలంటారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూల సేట్లూ అంతే. అందుకని ఆ బిళ్ళలు ఇంటికి వచ్చి మామిడికాయ పచ్చడి జాడీలో పడేవి. ఖర్చు చేయడానికి కుదరని డబ్బు కాబట్టే అది మిగిలింది. అమ్మ జీవితంలో తన కోసమని దాచుకున్నది అదొక్కటే.

ఎందుకంటే, ఒక తెల్లవారుజామున పూలమూటతో బస్సు దిగుతూ పడి అమ్మకు పైవరుస ముందు పళ్ళు నాలుగు పోయాయి. అప్పటి నుంచి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పళ్ళ సెట్టుకు పదకొండు వేలవుతుందని డాక్టర్ చెప్పాడు. జాడీలో బిళ్ళ పడ్డప్పుడల్లా "ఇంకో పన్ను మొలుస్తుంది" అనేది. మేం నవ్వేవాళ్ళం. తనూ నవ్వేది, కొంగు వెనక.

2018 జనవరిలో నేను డిగ్రీ చివరి సంవత్సరం. కిరాణా బాల్‌రాజ్ "గవి బంద్ అయినయ్ అక్కా, ఎవ్వలు తీస్కుంటలేరు" అన్నాడని అమ్మ పరేషాన్ అయి నా దగ్గరికి వచ్చింది. "నువ్వు సదువుకున్నదానివి గదనే, ఇవి నడుస్తయా నడువయా?" నేను రికార్డు రాసుకుంటూ తల ఎత్తకుండా "నడవవమ్మా, వాట్సాప్‌లో కూడా వచ్చింది" అన్నాను. ఆ రోజు అది పొరపాటు. తెలియక అన్నాను.

మూడో రోజు అనుమానం వచ్చి పది బిళ్ళలు పట్టుకుని ఎల్బీ నగర్‌లో ఒక బ్యాంకుకు వెళ్ళాను. క్యాషియర్ త్రినాథరావు గారు ఆంధ్రా వైపు మనిషి. "ఎవరండీ చెల్లవన్నది? శుభ్రంగా చెల్లుతాయి. వందేసి చొప్పున సంచుల్లో కట్టుకొచ్చేయండమ్మా, తీసుకుంటాం" అన్నారు. నేను పరుగెత్తుకుంటూ ఇంటికి పోవాల్సింది. బస్టాపులో నిలబడ్డప్పుడు అరకు టూరు గుర్తొచ్చింది. కాలేజీలో అందరూ పేర్లిచ్చారు. నేనూ వస్తానని గొప్పకు చెప్పేశాను. ఎనిమిదిన్నర వేలు. బస్సు వచ్చేలోపే నిర్ణయించుకున్నాను. అక్కడి నుంచి అది పొరపాటు కాదు.

పాత సామాను కొట్టులో తూకానికి తీసుకుంటారని అమ్మకు చెప్పాను. ఐదు రోజులు టిఫిన్ బ్యాగులో బ్యాంకుకు మోశాను. మొత్తం పదకొండు వందల నలభై బిళ్ళలు, దాదాపు తొమ్మిది కిలోలు. ఇనుము ధరే కట్టారని చెప్పి మూడు వందల ఇరవై రూపాయలు అమ్మ చేతిలో పెట్టాను. టూరుకు కాలేజీ వాళ్ళే ఊరికే తీసుకెళ్తున్నారని కూడా చెప్పాను. అమ్మ ఆ డబ్బులోంచి వంద తీసి "ఖాళీ చేతులతోని పోతవా బిడ్డా?" అని నాకిచ్చింది. తీసుకున్నాను. టూరు డబ్బు కట్టగా మిగిలిన దాంతో చెప్పులు, స్వెటరు కొన్నాను. అరకు ఫోటోల్లో అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది నేను. నా పళ్ళన్నీ కనిపిస్తాయి.

అంతటితో అయిపోతే ఇది నాకూ అమ్మకూ మధ్య విషయం. కాలేదు. గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే సోమమ్మ అమ్మకు పన్నెండేళ్ళ జతగత్తె. అప్పుగా తీసుకున్న రెండు వందలు పది రూపాయల బిళ్ళలుగా తిరిగిచ్చింది. "చెల్లని బిళ్ళలు నా గంపల పోస్తవా, నీ చెయ్యి ఇరగ" అని అమ్మ అందరి ముందు వాటిని రోడ్డు మీద పారబోసింది. "నడుస్తయే పిచ్చిదానా, కండక్టరు తీస్కున్నడు" అని సోమమ్మ మొత్తుకుంటే, "మా బిడ్డ కంటె ఎక్కువ సదివిండా గా కండక్టరు?" అందట. ఏడేళ్ళుగా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. మాట లేదు.

ఉద్యోగం వచ్చిన నెలలో పళ్ళ సెట్టు పెట్టిస్తానన్నాను. "ఇప్పుడు అలవాటైంది తియ్యి" అంది అమ్మ. నాకు కావాల్సింది కూడా అదేనేమో, మళ్ళీ అడగలేదు. డబ్బు తిరిగి ఇవ్వగలను. ఆ జాడీ నిండుతున్నప్పుడు అమ్మకు ఉన్న ఆశ నేను ఇవ్వలేను.

6. అమ్మకు ఈ వీలునామాలో నేను ఏమీ రాయడం లేదు. ఎవరి సొమ్ము వాళ్ళకు ఇవ్వడం ఆస్తి రాయడం కాదు.

గత రెండేళ్ళలో పిల్లల దగ్గర, క్యాంటీన్‌లో, బ్యాంకులో అడిగి పదకొండు వందల నలభై పది రూపాయల బిళ్ళలు పోగుచేశాను. అరుణ ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక పెద్ద బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. నోట్లుగా ఇవ్వకూడదు, బిళ్ళలుగానే ఇవ్వాలి. సెట్టు ఇప్పుడు పద్దెనిమిది వేలు అంటున్నారు. తక్కువపడే ఆరువేల ఆరు వందలు నా ఖాతాలోంచి అన్నిటికంటే ముందు తీయాలి. ఆలస్యం నాది కాబట్టి పెరిగిన ధర కూడా నాదే.

అరుణ అమ్మను బ్యాంకుకు తీసుకెళ్ళి కౌంటర్ దగ్గర తననే అడగనివ్వాలి. ఈసారి నా మాట మీద నమ్మకూడదు. సెట్టు పెట్టించుకోవాలా వద్దా అన్నది అమ్మ ఇష్టం. దాని గురించి ఎవరూ సలహా ఇవ్వకూడదు.

7. సోమమ్మకు నేను కొని ఉంచిన పెద్ద గొడుగు ఇవ్వాలి, బండి మీద కట్టే రకం. రెండు గంపలకూ నీడ పడుతుంది. దాంతోపాటు ఐదో నిబంధన చదివి వినిపించాలి. తిట్టాల్సింది నన్ను అని చెప్పాలి.

8. వీలునామా మనిషి పోయాక తెరుస్తారు. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు అందులో నచ్చినది అదే. అమ్మ వినే సమయానికి నేను ఎదురుగా ఉండను. సాక్షుల దగ్గరికి వచ్చేసరికి, చదువు రాని సాక్షికి మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవాలని అరుణ అంది. కోర్టు దగ్గర తెలిసినవాళ్ళు ఎవరినైనా పిలుద్దామంది. నేను ఒక పూటంతా ఆలోచించాను. సాక్షికి ఏమీ రాయకూడదు. అమ్మకు ఏమీ రాయలేదు. అమ్మకు చదువు రాదు. కాబట్టి ఈ వీలునామాకు రెండో సాక్షి మా అమ్మ అండాలమ్మ. చదివి వినిపించేది నేను.

పైన రాసినదంతా నేనే రాశాను, నేనే ఒప్పుకుంటున్నాను.

తేదీ: 2025 నవంబర్ 9, ఆదివారం
చంపాపేట్

(సంతకం) కట్టెకోల సంధ్యారాణి

సాక్షులు:

1. (సంతకం) అరుణ, ఎల్బీ నగర్

2. కట్టెకోల అండాలమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

వేలిముద్ర గురించి మొదటి సాక్షి రాసిన వివరం: రెండో సాక్షికి ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా సంధ్యారాణి నా ఎదురుగా చదివి వినిపించింది. ఐదో నిబంధన సగంలో ఆగిపోతే నేను అందుకోబోయాను. "నువ్వు ఆగు అరుణా, దాన్నే సదవనీ" అన్నది అండాలమ్మ. చదవడం అయిపోయాక లేచి మొహం కడుక్కుని వచ్చి, వేలు పెట్టే ముందు తన మాటగా ఇది రాయమంది. అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"మాఫ్ చేసిన అని రాయకు. చెయ్యలే. సచ్చిపోయి తప్పించుకుందామనుకున్నవు, గది ఇంక తప్పు. బేస్తారం పోయి ఆపరేషన్ చేయించుకొని ఇంటికి రా. వచ్చినంక కొట్లాడుదాం. ఇగ ఏడ పెట్టాలె వేలు?"