వినకుండా కొన్న ఆరు ఆల్బమ్‌లు

బాండుంగ్, శుక్రవారం

ఎంటిన్ అక్కా,

నీ కొట్లో ఏ క్యాసెట్ అడిగినా విప్పి వినిపిస్తావు, నచ్చకపోతే వద్దనొచ్చు. ఈ దేశంలో ప్రజాస్వామ్యం మిగిలింది నీ బల్ల మీదే. "మన యాయత్ గిటారుకు పరీక్షా? అవమానం!" అంటూ ఆ హక్కును ఆరుసార్లు కాలదన్ని, వాడి ఆల్బమ్‌లు వినకుండానే కొన్నది నేనే.

మొదటి ఆల్బమ్ నిండా ప్రేమ, రెండోదాని నిండా వాన, మూడోదాంట్లో వానలో తడిసిన ప్రేమ. ఆరోది హోటల్ లిఫ్టులో వేస్తే నాలుగో అంతస్తుకే నిద్ర ముంచుకొస్తుంది. ఆనాడు బట్టల మిల్లు సమ్మెలో యాయత్ వేళ్లు తీగల మీద పరుగెత్తుతుంటే రెండువేలమంది గేటు దగ్గర్నుంచి కదల్లేదు. ఇప్పుడేమో మూడు స్వరాలు దాటితే పన్ను కట్టాలన్నట్టు వాయిస్తాడు! అందుకే "అమ్ముడుపోయిన గిటారు" అని మీ ఆయన పత్రికకు వ్యాసం రాసిచ్చాను.

నిన్న ఆ సంగతి చెబితే నువ్వు నవ్వలేదు.

"ఆరు అట్టల మీదా వాడి ఎడమచెయ్యి జేబులోనే ఉంది, చూశావా తమ్ముడూ? సమ్మె రోజు పోలీసు లాఠీలకు విరిగిన వేళ్లు మళ్లీ సరిగ్గా వంగలేదు. అంతదాకా మైకు ముందు ఉపన్యాసం దంచిన నువ్వు అప్పుడెక్కడున్నావు?" అన్నావు.

మిల్లు గోడ దూకి అవతల ఉన్నాను అక్కా. ఆ ముక్క ఇన్నేళ్లలో ఏ వ్యాసంలోనూ రాయలేదు.

నా వ్యాసం అచ్చుకు పోకముందే బావగారి దగ్గర్నుంచి లాక్కుని చించెయ్. పాటలు చెత్తే, ఆ మాట వెనక్కి తీసుకోను. ఏడోది వస్తే మాత్రం నాకొకటి తీసిపెట్టు. విప్పకు, వినిపించకు.

నీ తమ్ముడు