రెండువందల పన్నెండో పేజీ

కృష్ణానగర్, హైదరాబాదు
14-8-1993

శ్రీవారికి రమామణి నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, పిల్లా, అద్దెకు తెచ్చిన టైపు మిషనూ క్షేమం. నాలుగు పేజీల ఉత్తరం రాశారంటే వాల్తేరులో మీరూ, మీ కాలేజీ ఉద్యోగమూ క్షేమమేనని తెలిసింది.

ముందు మీరడిగినవి. హైమకు దగ్గు తగ్గింది. మీ నీలం స్వెట్టరు బీరువాలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసు మేడ మీదకు మారింది కానీ నా పని మారలేదు, అవే స్క్రిప్టులు, అవే సాపు ప్రతులు. ఈ వారం ఒకే పెళ్లిచూపుల సీను మూడుసార్లు రాయించారు. మూడుసార్లూ పెళ్లికూతురికి ఒక్క డైలాగూ లేదు. ఇంటావిడ కొమురమ్మగారు రోజూ అడుగుతోంది. "ఏందమ్మా, సారు చదువు ఇంకా ఒడవలేదా? గంత పెద్ద పుస్తకమా?" అని. ఆ అమెరికా నవలాకారుడు అంత రాసిపెట్టాడు, మా ఆయనేం చేస్తారు అన్నాను.

మీ థీసిస్ మీద పరీక్షకుడి రిపోర్టు మీరు ఎత్తిరాస్తే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆ నవలాకారుడి నవలలనూ వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి ఇంత శ్రద్ధగా చూసినవారు అరుదన్నారట. అందులోనూ రెండువందల పన్నెండో పేజీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. వ్యాసాల్లో 'ఒంటరిగా కూర్చుని రాసుకున్నాను' అని పదే పదే చెప్పుకునే మనిషి, నవలల్లో మాత్రం భర్త రాసుకుంటుంటే గిన్నె చప్పుడు కాకుండా వంట చేసే ఆడవాళ్లను అంత బాగా ఎలా రాశాడు, చూడకుండా రాయలేడు కదా అన్న పేజీ. "అది రాసినట్టే గుర్తులేదు రమా, వైవాలో దాని మీదే అడుగుతారట, నా చేతిరాత ప్రతి వెతికి పంపు" అన్నారు మీరు.

ఏమండీ, ఆ పేజీకి మీ చేతిరాత ప్రతి లేదు. అది నేను రాశాను.

నిరుడు జూలైలో, టైపు చెయ్యమని మీరు పంపిన థీసిస్ కట్ట వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. పోస్టుమాన్ గుమ్మంలో పెట్టి వెళ్లాడు, వాన పడింది. పాపం కొమురమ్మగారు కాగితాలన్నీ పొయ్యి దగ్గర ఆరబెట్టి, "జర తడిసినయ్, ఫికర్ చెయ్యకు" అంది. అన్నీ దక్కాయి, ఆ ఒక్క పేజీలో మాత్రం సిరా కొట్టుకుపోయింది. టైపు పూర్తిచేసి పంపడానికి గడువు పది రోజులే. మీకు రాసి తెప్పించుకునే వ్యవధి లేదు. ఆఫీసులో సీను మధ్య కాగితం పోతే మా రైటరుగారి అసిస్టెంటు అనంతపద్మనాభంగారు "షూటింగ్ ఆగదమ్మా, ముందూ వెనకా చూసి అతికించెయ్" అంటారు. నాకు అదే అలవాటు. మీరిక్కడ వదిలిన ఆ అమెరికా ఆయన నవలలూ వ్యాసాలూ ఆఫీసుకు వెళ్తూ బస్సులో చదివేదాన్ని. మూడు వాక్యాలు అతికిద్దామని కూర్చుంటే పేజీ నిండిపోయింది.

తర్వాత మీరు మొత్తం చదివారు. గుర్తుపడతారేమోనని ఎదురుచూశాను. పట్టలేదు. మీ రాతే అనుకున్నారంటే గర్వంగా అనిపించింది, ఏడుపూ వచ్చింది. చెప్పడానికి ఏడాది పట్టింది. మీ ఏడేళ్ల కష్టానికి నా వల్ల ముప్పు వస్తుందేమోనని ఇప్పుడు భయంగా ఉంది. కోప్పడితే పడతాను.

ఆ పేజీలోని ప్రతి మాటకూ ఏ నవల, ఏ వ్యాసం ఆధారమో వేరే కాగితం మీద రాసి జతచేశాను. వైవాలో మీదే అనండి, నేను నోరు విప్పను. కాకపోతే మీరూ ఒంటరిగా కూర్చుని రాసుకున్నవారిలో చేరతారు. ఆయన మీద నాలుగొందల పేజీలు రాసిన మీకు నేను చెప్పాలా?

నిజం చెబితే ఆ పేజీ తీసేయమంటారేమో. తీసేయండి. కానీ చింపకండి, పోస్టులో నాకు పంపండి. ఇన్నేళ్లుగా ఎంతోమంది రాతలు సాపు చేశాను. నాదంటూ ఉన్నది ఆ ఒక్క పేజీయే.

ఇట్లు,
మీ అర్ధాంగి,
రమామణి, బి.ఏ.