చిట్టితల్లి కోసం చూసిన పియానో

తమ్ముడూ,

చిట్టితల్లి నేర్చుకోవడానికి తక్కువ ధరలో డిజిటల్ పియానో ఒకటి చూసిపెట్టమని మీ బావని అడిగావు కదా. నిన్న ఇద్దరం షాపుకి వెళ్లాం. ఇన్నేళ్లు పియానో నేర్పిన మనిషి, మేనకోడలి కోసం అనేసరికి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

ఒకదాని ముందు కూర్చుని, కళ్లు మూసుకుని ఓ పాటంతా వాయించారు. "మీటలు కాస్త బరువుగా ఉన్నాయి, మంచిదే. పిల్ల వేళ్లకి బలమొస్తుంది. స్వరం కూడా తియ్యగా ఉంది" అన్నారు.

ఆ పియానో ఆన్‌లోనే లేదు. ఆయన విన్నదంతా మనసులోనే. ఈమధ్య వినికిడి తగ్గిందని తెలుసుగానీ, ఇంతలా అని నాకు తెలీదురా.

షాపావిడ గబగబా వచ్చి స్విచ్ వేసింది. పియానో మీద చిన్న దీపం వెలిగింది. అది చూసి ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. మళ్లీ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడికి రాయి. మీటల సంగతికి పూచీ నాది. స్వరం మాత్రం వినపడేవాళ్లెవరినైనా అడగమను" అన్నారు.

చెప్పింది చెప్పినట్టే రాశాను.

మీ అక్క