ఇసుక మీద పెట్టిన కప్పు

వాదీ రమ్,
మా గుడారం నుంచి.

చిరంజీవి బావమరిది నువాఫ్‌ను అల్లా చల్లగా చూడాలి!

నీ బావ సుబైతాన్ సంతోషం పట్టలేక రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ, మీ అక్కా, మా అమ్మాయి ఫిద్దా, మేకలూ, ఒంటెలూ అందరం క్షేమం. అక్కడ అకబాలో నువ్వూ, నీ పంకా, పంకా కింద నీ కుర్చీ క్షేమమని తలుస్తాను.

‘సంచారులతో ఒంటెల మీద ఎడారి యాత్ర’ అని బోర్డు కట్టి నువ్వు పంపిన నలుగురు అతిథులూ అందారు. దారిలో కాస్త చెదిరారు గానీ పగల్లేదు. మన తాతలు ఇలా తిరిగితే ఇల్లూ వాకిలీ లేనివాళ్లన్నారు. ఇప్పుడు ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు అవి వదిలేసి మన వెనకాల తిరుగుతున్నారు. నీ బోర్డు గొప్పదిరా!

అసలు సంగతికొస్తాను. ఆ నలుగురిలో అమ్మాన్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు హిక్మత్ గారున్నారు చూడు. మన ఒంటె బల్హా మీద ఎక్కించగానే, “ఇది ఎక్కడ లాగితే ఆగుతుందండీ?” అని అడిగాడు. అప్పటికి బల్హా ఇంకా కూర్చునే ఉంది. అంత అమాయకుడు. సాయంత్రం నిప్పు చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి, పక్క గుడారాల పెద్దల్ని కూడా పిలిచి కాఫీ పోశాను. అందరూ తాగారు. హిక్మత్ గారు మాత్రం కప్పు అందుకుని, ఒక్కసారి ఫిద్దా వైపు చూసి, చుక్కయినా తాగకుండా ఇసుక మీద పెట్టేశాడు.

నా గుండె ఆగి మళ్లీ కొట్టుకుందిరా నువాఫ్!

అకబా గాలికి నువ్వు మరిచిపోయి ఉంటావు గనక చెబుతున్నాను. మనవాళ్లలో అతిథి కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టాడంటే పెద్ద కోరికతో వచ్చాడన్నమాట. అది తీరుస్తామంటేనే తాగుతాడు. పెళ్లీడు పిల్ల ఉన్న గుడారంలో ఆ కోరిక ఏమిటో వేరే చెప్పాలా? వెంటనే పెద్దలంతా వింటుండగా, “తాగు నాయనా, నువ్వు వచ్చిన పని అయిపోయింది, ఇచ్చేశాను” అన్నాను. తాగాడు. తాగి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎంత ప్రేమో!

మా అన్న కొడుకు ముతైర్ సంగతి నీకు తెలుసుగా. మన కట్టులో బాబాయి కూతురి మీద తొలి హక్కు అన్న కొడుకుదే గనక, ఫిద్దా తనదేనంటాడు. తను చేసుకోడు, ఇంకొకణ్ణి చేసుకోనివ్వడు. వాడి పేరు వింటేనే ఫిద్దా ముఖం తిప్పుకుంటుంది. ఇన్నాళ్లకు అల్లా ఒక దారి చూపించాడు, అదీ పళ్లున్న దారి!

మూడు రోజులు గడిచేదాకా అతిథిని ఎవరివి, ఎందుకొచ్చావని అడగకూడదు గదా. ఆ అడగడమేదో అక్కణ్ణుంచి నువ్వు అడిగి, కుటుంబం ఎలాంటిదో రాయి.

ఇట్లు,
సంతోషంతో నిద్ర పట్టని నీ బావ
సుబైతాన్.

తా.క. ఈ ఉత్తరం నీ నీళ్ల లారీ నడిపే రుషైద్ తెస్తున్నాడు. ఆ లారీ ప్రతిసారీ సరిగ్గా మా గుడారం ముందుకొచ్చాకే ఎందుకు చెడిపోతుందో ఎవరికైనా చూపించు. దాని ఇంజను చల్లారేలోగా మీ అక్క చేసిన వేడి రొట్టెలు మాయమవుతున్నాయి.

*

అకబా.

ఎడారి మొత్తానికీ ఏకైక మేధావి అయిన బావగారికి,

నువాఫ్ సలాములు. పంకా, కుర్చీ క్షేమం. నీ ఉత్తరం చదివాక నేను మాత్రం క్షేమంగా లేను.

బావా, హిక్మత్ గారికి కడుపులో పుండు. వాళ్ల వైద్యుడు కాఫీ వాసన కూడా చూడొద్దన్నాడట. నా ఆఫీసులో ఇచ్చినా ఇలాగే తాగకుండా బల్ల మీద పెట్టాడు. నీ లెక్కన నా కుర్చీని పెళ్లాడ్డానికి వచ్చాడా? ఆయన వచ్చింది సూర్యాస్తమయం చూడ్డానికి. అమ్మాన్‌లో సూర్యుడు అస్తమించడా అని నన్నడక్కు. ఆ ప్రశ్న నా అతిథులకెవరికీ తట్టకపోబట్టే నా ఆఫీసు నడుస్తోంది.

ఆయన్ని ఏమీ అడక్కు. ఆయనకేమీ ఇచ్చెయ్యకు. సంతోషం ఆగకపోతే గుట్ట వెనక్కి వెళ్లి ఒంటెలకి చెప్పుకో. ముఖ్యంగా మేకని కొయ్యకు.

ఇట్లు,
నీ సంతోషానికి భయపడే
నువాఫ్.

తా.క. లారీ చూపించాను. కొత్తదాని కన్నా బాగుందన్నాడు మెకానిక్కు. లోపం లారీలో లేదట, మీ గుడారం ముందున్న ఇసుకలో ఏదో ఉందట.

*

వాదీ రమ్,
నిన్నటి కన్నా రెండు గుట్టలు అవతల.

పంకా కింద కూర్చుని ప్రపంచాన్ని చూసేసిన బావమరిదికి,

దీవెనలు. నీ ఉత్తరం చేరేసరికే మేకని కోశాం. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పుల మీద పెట్టి, పైన కప్పేస్తుంటే నీ అతిథుల్లో ఒకావిడ, “పాపం, ఎలా పోయింది?” అని కళ్లు తుడుచుకుంది. తరవాత తీసి వడ్డిస్తే రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

పుండట, పుండు! పిల్ల మేనమామ ఎదుట కూర్చుని, ‘మీ మేనకోడల్నివ్వండి’ అని మొహం మీద అడుగుతాడా? సిగ్గుపడి పుండన్నాడు. ఆ మాత్రం తెలియకుండా నీకు ఆఫీసు ఎవరిచ్చార్రా?

సాక్ష్యం చెబుతాను విను. నిన్న సాయంత్రం కూడా కప్పు కింద పెట్టాడు. నేను కూడా, “తాగు నాయనా, ఇచ్చేశాను” అన్నాను. ఇక చాలనుకున్నవాడు ఖాళీ కప్పుని అటూ ఇటూ ఆడించాలని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు గదా. ఆయన ఆడించలేదు. ఆడించకపోతే నేను పొయ్యడం ఆపుతానా? పోస్తూనే ఉన్నాను. తాగుతూనే ఉన్నాడు. ఆపైన పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. మీ అక్కతో, “చూశావా, విరహం” అన్నాను. “మన పెళ్లినాడు నువ్వు మూడు పళ్లేలు తిన్నావు” అంది మీ అక్క. ఆవిడకి అసూయ.

పగలంతా ఆయన ఒంటె దిగి, బల్హా ముకుతాడు పట్టుకుని నడిచే ఫిద్దా పక్కనే నడుస్తున్నాడు. అది ఏదో చెబుతుంది. ఆయన పాఠం వల్లె వేస్తున్నట్టు పెదాలు కదుపుతాడు. తప్పు పోతే అది కసురుతుంది. పెళ్లికి ముందే ఇంత అన్యోన్యత నేనెక్కడా చూళ్లేదు.

అన్నిటికన్నా పెద్ద వార్త. ముతైర్ వచ్చాడు! డాక్టరు బల్హా నోట్లోకి తొంగి చూసి, “దీనికి ఒక పన్ను తియ్యాలి” అంటుండగా, బల్హా ఆయన ముఖం నిండా ఉమ్మేసిన సమయానికి సరిగ్గా వచ్చాడు. “బాబాయ్, ఇతనా అల్లుడు?” అని ఇసుకలో పడి దొర్లి నవ్వాడు. నవ్వి నవ్వి, “ఈయనకైతే వదిలేస్తా బాబాయ్, లోకమంతా నవ్వనీ. బదులుగా బల్హాని నాకివ్వు” అన్నాడు.

బల్హారా, నువాఫ్! నా చేతుల్లో పుట్టిన పిల్ల. అయినా కూతురు కూతురే, ఒంటె ఒంటే. సరేనన్నాను. వాడు పెద్దల ముందు ఒట్టు వేస్తుంటే తెర వెనక నుంచి ఫిద్దా, “నాన్నా, ‘డాక్టరుకైతే’ అని కాదు, ‘ఎవరిని చేసుకున్నా సరే’ అనమను. ఒట్టు నిండుగా ఉండాలి” అంది. పిల్ల ఎంత జాగ్రత్తమనిషో! వాడు నవ్వు ఆపుకోలేక అలాగే ఒట్టేశాడు.

కనక ఆలోచించు. డాక్టరుకి ఉన్నది నిజంగా పుండే అయితే, నా బల్హా పోయినట్టు, పెద్దల్లో నా మాట పోయినట్టు, ఫిద్దా నలుగురిలో నవ్వులపాలైనట్టు. అందుకని అది పుండు కాదు. నేను నిశ్చయించాను.

ఇట్లు,
కాబోయే మామగారు
సుబైతాన్.

తా.క. లారీ మళ్లీ చెడింది. పొద్దుట్నుంచీ రుషైద్ దాని కిందే ఉన్నాడు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు దాహంతో చచ్చిపోతాయేమోనని ఫిద్దా మాటిమాటికీ టీ పట్టుకెళుతోంది. నా కూతురిది జాలిగుండె.

*

అకబా. అత్యవసరం.

కాబోయే మామగారు కాబోని బావకి,

కొంప మునిగింది బావా. అమ్మాన్‌లో హిక్మత్ గారి ఇంటికి ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తింది. భార్య! వెనకాల పిల్లలు కొట్టుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. “ఆయనకి కాఫీ మాత్రం ఇవ్వకండి అన్నయ్యా, పుండుంది” అంది. “అయ్యో, ఎందుకిస్తామమ్మా” అన్నాను. నీ మూలంగా నా నోటి నుంచి వచ్చిన అబద్ధాల్లో ఇది కొత్తది.

ఈ సాయంత్రంతో మూడు రోజులు నిండుతాయి. నువ్వు పెద్దల్ని కూర్చోబెట్టి, ‘నీ కోరిక నోరారా చెప్పు నాయనా’ అంటావు. ఆయన వెర్రిముఖం వేస్తాడు. ముతైర్ నీ బల్హా ఎక్కి కూర్చుని మరీ నవ్వుతాడు. ఆ తరవాత నా మేనకోడలి ముఖం ఎవరు చూస్తారు? అందుకని ఈ ఉత్తరం అందగానే జబ్బు చేసిందని చెప్పి దుప్పటి కప్పుకో. ఏం జబ్బని అడిగితే పుండని చెప్పు. అదెలాగూ నమ్మరు మీరు.

ఇట్లు,
పంకా తిరుగుతున్నా చెమటలు కారుతున్న
నువాఫ్.

తా.క. ఎంత తొందర పనో తెలియాలని ఈ ఉత్తరం రుషైద్‌కి చదివి వినిపించాను. నేను ఏడుస్తుంటే వాడు ఇకిలిస్తాడు. గడ్డం గీయించుకుని, అత్తరు పూసుకుని మరీ బయల్దేరాడు. నీళ్ల లారీకి అత్తరెందుకో నాకు అర్థం కాలేదు.

*

వాదీ రమ్,
లోకంలోకెల్లా అందమైన గుడారం నుంచి.

నా బంగారు బావమరిదికి, అల్లా నీకు పది పంకాలివ్వాలి!

నీ ఉత్తరం అందింది. కాకపోతే అంతా అయిపోయాక అందింది. రుషైద్ దాన్ని జేబులో మరిచిపోయాడట.

నువ్వన్నట్టే పెద్దల్ని కూర్చోబెట్టాను. ముతైర్ నువ్వన్నట్టే బల్హా ఎక్కి కూర్చున్నాడు. హిక్మత్ గారు కప్పు కింద పెట్టాడు. “నీ కోరిక నోరారా చెప్పు నాయనా” అన్నాను. ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

“పెద్దలారా, సుబైతాన్ గారి కుమార్తె ఫిద్దాని...”

ఆడవాళ్లు శుభవార్తకి నాలుకలాడిస్తూ ఉలూలు పాడ్డానికి నోళ్లు తెరిచారు.

“...నీళ్ల లారీ నడిపే రుషైద్‌కి ఇమ్మని అడగడానికి వచ్చాను.”

తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయాయి. పెళ్లికొడుకు తరఫున గౌరవం గల మనిషి వచ్చి కప్పు కింద పెట్టి అడగడమే గదరా మన కట్టు! తనకోసం తను ఎవడు అడుగుతాడు? నాకు తట్టనే లేదు. మేధావిననే బిరుదు నువ్విచ్చావు, నీ నోరు చల్లగుండ!

ముతైర్ ఒంటె మీది నుంచి, “కుదరదు! ఆ లారీవాడికి చస్తే వదలను!” అని అరిచాడు.

“ఎవరిని చేసుకున్నా సరే అన్నావు కదరా, ఒట్టేసి” అన్నాడు అందరికన్నా పెద్దాయన. “ఇంతకీ ఎవరి ఒంటె ఎక్కి అరుస్తున్నావు?”

నేను ఫిద్దాని పిలిచాను. “ఏమే, ఎప్పట్నుంచి ఇది?”

“లారీ మొదటిసారి చెడినప్పట్నుంచి నాన్నా.”

“అసలది ఎప్పుడైనా నిజంగా చెడిందా?”

“ఆ మొదటిసారి నిజంగానే చెడింది.”

“నాకొక్కడికీ చెప్పి ఉండొచ్చు గదే!”

“చెబితే నువ్వు సంతోషిస్తావు నాన్నా. నువ్వు సంతోషిస్తే అకబాదాకా వినిపిస్తుంది. పక్క గుట్ట మీది ముతైర్‌కి వినిపించదా?”

ఇచ్చేశానని రోజూ పెద్దల ముందు అరిచినవాణ్ణి నేనే. లారీ వెనకాల నుంచి అత్తరు వాసన ముందూ, రుషైద్ వెనకా వచ్చి నా నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ఇక అరిచాను చూడు! వినిపించిందా అక్కడికి?

పాపం, హిక్మత్ గారి పుండు నిజమే. తాగకుండా ఎలా తప్పించుకోవాలని మొదటి రోజునే ఆయన ఫిద్దాని అడిగాడట. “మాట్లాడకుండా కింద పెట్టండి, మిగతాది మా నాన్న చూసుకుంటాడు” అందట అది. కప్పు ఆడించాలని చెప్పడం మాత్రం మరిచిపోయిందట. చేతులు పట్టుకుని క్షమించమంటే, “పెళ్లి కుదిర్చిన పుండు అమ్మాన్‌లో ఇంకెవరికీ లేదు, మా ఆవిడకి చెప్పుకోవచ్చు” అన్నాడు. అప్పట్నుంచీ ఆయనకి ఒంటె పాలే పడుతున్నాం. పెళ్లికి భార్యాబిడ్డలతో వస్తానన్నాడు. నువ్వు కూడా కుర్చీ వదిలి వచ్చెయ్యి. మీ అక్క నీకోసం ఇప్పట్నుంచే తిట్లు దాచి పెడుతోంది.

ఇట్లు,
నిజంగానే మామగారైన
సుబైతాన్.

తా.క. పొద్దున లేచి చూస్తే బల్హా గుడారం ముందు నిలబడి ఉంది, వీపు మీద ముతైర్ జీనూ, నోట్లో ముతైర్ తలగుడ్డా. మాటంటే మాటే గదా, తిరిగి అప్పగించి రమ్మని అల్లుడితో చెప్పాను. వాడు చాలాసేపు ప్రయత్నించాడు పాపం. లారీ కదలడం లేదట.