బొటనవేలు దూకిన రోజు

జూన్ 14, ఆదివారం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయలేదు, నిజంగానే కులాసా. వదిన నడుంనొప్పి తగ్గిందా? ఫోన్లో చెబితే సగంలోనే నవ్వడం మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

షాపులో తల కడిగే బేసిన్లో సీసా పగిలి నా కుడి బొటనవేలి నరం తెగిన సంగతి నీకు తెలుసు. ఆపరేషన్ బాగా జరిగిందనీ తెలుసు. ఆ తర్వాతిదే నీకు పూర్తిగా చెప్పలేదు. కత్తెరలో ఒక రెక్క కదలకుండా నిలబడుతుంది, రెండోదాన్ని ఆడించేది బొటనవేలే. అది మొరాయిస్తే జుట్టు తెగదు, నలుగుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి నాచేత రబ్బరు బంతి పిసికించింది, బట్టల క్లిప్పులు తీయించి పెట్టించింది. బంతి దగ్గర బుద్ధిగా ఉండే వేలు, కత్తెర పట్టగానే కర్రలా బిగుసుకుపోయేది. వేలు బాగానే ఉందండీ, మీరే దాన్ని నమ్మడం లేదు అందా అమ్మాయి. నమ్మడం ఎలాగో మాత్రం చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. చలికాలం నుంచీ షాపుకి తాళమే.

పోయిన ఆదివారం మీ బావ అటక సర్దుతూ నీ పాత టీవీ గేమ్ దింపారు. అదే, ఇళ్ల కప్పుల మీద దూకే మన ఉడతగాడి ఆట. క్యాసెట్ తీసి ఊదితే గాని బొమ్మ వచ్చేది కాదు చూడు, ఇప్పటికీ అంతే. ముందు ఆయనే కూర్చున్నారు. మొదటి గోతిలోనే పడ్డారు, మళ్లీ పడ్డారు, బటన్ పాడైపోయింది అన్నారు. చూడలేక నేను లాక్కున్నాను.

అన్నయ్యా, అప్పట్లో మహానగరంలా కనిపించిన ఆ పైకప్పులు ఇప్పుడు చూస్తే నాలుగు గీతలు. ఉడతగాడు కూడా తోక తగిలించిన గోధుమరంగు గళ్లు, అంతే. అయినా గుండె దడ మాత్రం అప్పటిదే. పొగగొట్టాలు, జారే పెంకులు, పిల్లులు, ఎక్కడ ఆగాలో ఎక్కడ దూకాలో అంతా ఒంట్లోనే ఉంది. కాలు పెట్టగానే కూలిపోయే చెక్కల వంతెన దగ్గరికి వచ్చాను. నువ్వూ నేనూ ఎన్నడూ దాటలేకపోయినది. మొదటి గెంతుకి బటన్ నొక్కి పట్టాలి, రెండోదానికి వెంటనే వదిలేయాలి. ఊపిరి బిగబట్టి ఆడాను. దాటేశాను.

అరవబోతూ పక్కకు చూస్తే ఆయన టీవీ చూడటం లేదు, నా చేయి చూస్తున్నారు. వేలు చూసుకో అన్నారు మెల్లగా. చూశాను. లేస్తోంది, వాలుతోంది, నన్ను అడక్కుండానే. ఈలోగా ఉడతగాడు పిల్లికి దొరికిపోయాడు. నేను నవ్వాను, ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చారు.

వెంటనే కత్తెర తీసి పాత విగ్గు ముందేసుకున్నాను. వేలు మళ్లీ బిగుసుకోబోయింది. అప్పుడు ఆ ఆట పాటే కూనిరాగం తీస్తూ, చెక్క మీంచి చెక్క మీదికి దూకుతున్నట్టే ఆడించాను. జుట్టు తెగింది. నలగలేదు, తెగింది. ఆ చప్పుడు ఎంత కాలానికి విన్నానో.

మర్నాడు షాపు తెరిచాను. సాయంత్రానికి వేలు వాచింది, ఐసు పెట్టాను. ప్రస్తుతానికి పూటకి ఇద్దరు ముగ్గురికే చేస్తున్నాను. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. అది చాలు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

వంతెన దాటిన,
నీ చెల్లి

తాజాకలం: మర్నాడు షాపు తెరిచానని రాశాను గాని, ఎందుకు తెరిచానో రాయలేదు. నిజం ఏమిటంటే, కుర్చీ, అద్దాలతో సహా సామానంతా అమ్మేస్తానని ఒకాయనకి అంతకుముందే మాటిచ్చేశాను. ఆ రోజే ఆయన వ్యాను వేసుకుని వచ్చాడు. కుర్చీ సరిగ్గా లేస్తుందో లేదో చూద్దామని అందులో కూర్చున్నాడు. జుట్టు కాలరు దాటి ఉంది. అలాగే ఉండండి అని గుడ్డ కప్పేశాను. అంతా అయ్యాక అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మరి సామాను ఎక్కించనా అని అడిగాడు. క్షమించండి, ఇవ్వడం లేదండీ అన్నాను. మెడ తడుముకుని, అయితే వచ్చే నెల కటింగుకి మళ్లీ వస్తానని చెప్పి, ఖాళీ వ్యానుతో వెళ్లిపోయాడు.